కారణం లేని నవ్వుకు కారణం

తూనికలు కొలతల శాఖలో ముప్పయ్యొక్క సంవత్సరాలు పనిచేసి, బొంబాయి ఉత్తర శివార్లలోని కిరాణా కొట్ల త్రాసులన్నిటి అంతరాత్మలను పరీక్షించి, నిష్కళంకంగా పదవీ విరమణ చేసిన అచ్యుతరావ్ పెండ్సేగారికి అరవై రెండో ఏట మనిషి నవ్వును తూచే పదవి అయాచితంగా లభించింది. జీతం లేదు. కార్యస్థానం పార్లే తూర్పున రైలు పట్టాలను ఆనుకుని ఉన్న మునిసిపల్ ఉద్యానం. పనివేళలు పొద్దున్న ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా. హోదా మాత్రం ఘనమైనది: ఆయన ఉదయ హాస్యమండలికి జోకుల సరఫరాదారు.

మండలిని స్థాపించినవాడు గోవర్ధన్‌దాస్ మీర్‌చందానీ. బట్టల వ్యాపారం కొడుకులకు అప్పగించి, రక్తపోటును మాత్రం తన దగ్గరే అట్టేపెట్టుకున్న సింధీ పెద్దమనిషి. 1995 మార్చిలో ఒకనాడు ఆయన నడక మధ్యలో ఠక్కున ఆగి, అంధేరీ వైపు ఏదో పార్కులో జనం గుండ్రంగా నిలబడి ఆరోగ్యం కోసం నవ్వుతున్నారట అని ప్రకటించాడు.

“వాళ్ళు నవ్వగా లేనిది మనం నవ్వలేమా, పెండ్సే సాహెబ్? మనకు మాత్రం బీపీ లేదా, షుగర్ లేదా? ఏం తక్కువ మనకి?”

ఇన్ని అర్హతలు ఉన్నాక ఆలస్యం దేనికని మర్నాడే ఏడుగురు నిలబడ్డారు. వారం తిరిగేసరికి ఇరవై ముగ్గురయ్యారు. నవ్వడానికి జోకు కావాలి గదా. ఆ విషయంలో పార్లే మొత్తానికి అచ్యుతరావుగారికి సాటి లేదు. పెళ్ళైన ఏడాది నుంచీ కొన్న దీపావళి ప్రత్యేక సంచికలు ఆయన ఇంటి అటక మీద ముప్పై నాలుగేళ్ళ మందాన పేర్చి ఉన్నాయి. ఏటా శ్రావణంలో వాటి దుమ్ము దులిపేది ఆయన భార్య నళినీబాయి. కథలూ వ్యాసాలూ ముగిశాక పుట అడుగున మిగిలే జాగాలో సంపాదకులు వేసే చిన్న చిన్న హాస్యోక్తులన్నీ ఆయన ఒక నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నారు. మరాఠీలో పుట్టిన ఆ జోకులను గుజరాతీలకూ సింధీలకూ అందేలా బొంబాయి హిందీలోకి మార్చి, రోజుకు అయిదు చొప్పున మండలికి నివేదించేవారు. ఉద్యోగంలో దశాంశ పద్ధతిని ప్రజల నెత్తిన రుద్దిన మనిషే అయినా, నవ్వులను మాత్రం ఆయన పాత సేర్లలోనే తూచేవారు. డాక్టరూ రోగీ జోకు అర్ధసేరు. తాగుబోతూ పోలీసూ జోకు ముప్పావు సేరు. సేరు నిండిన రోజున ఇంటికి నడిచే నడకలో కొంచెం ఊపు కనిపించేది.

సామ్రాజ్యాలన్నిటికీ పట్టే గతే ఈ సామ్రాజ్యానికీ పట్టింది. మూడో వారానికి నోటు పుస్తకం అడుగంటింది. మంచి సరుకు అయిపోయాక చచ్చు సరుకు బయటికి వచ్చింది. పిసినారి సింధీ మీద జోకు చెబితే మీర్‌చందానీ, కాకరకాయ నమిలినవాడిలా నవ్వాడు. మర్నాడు ఆయనే ముందుకు వచ్చి అతిథికి అరకప్పు టీ ఇచ్చే మరాఠీ బ్రాహ్మడి మీద ఒకటి చెప్పి బాకీ తీర్చుకున్నాడు. ఆ తరువాత పార్సీలు, పంజాబీలు, అందరి వంతూ అయింది. అన్ని జాతులూ అయిపోయాక, ఏ జోకుల చరిత్రలోనైనా అయ్యేదే అయింది. భార్యలు మిగిలారు.

మండలిలోని అయిదుగురు ఆడవాళ్ళలో గొంతు పెద్దది తారాబెన్‌ది. స్టేషను రోడ్డులో ఫర్సాణ్ చిరుతిళ్ళ కొట్టువాళ్ళ ఆవిడ. “పెళ్ళాం మీద జోకులైతే మా ఇంట్లో రోజూ వినేవే కదా భాయ్! వాటికోసం పొద్దున్నే లేచి ఇంత దూరం నడవాలా? కొత్తది చెప్పండి, లేకపోతే నేను వెళ్ళి జిలేబీకి పిండి కలుపుకుంటాను.”

“సరుకు తీయండి, పెండ్సే సాహెబ్! గిరాకీ వెళ్ళిపోతోంది” అన్నాడు మీర్‌చందానీ.

నోటు పుస్తకంలో చివరి పుట తెల్లగా ఉంది. ఇరవై మూడు ముఖాలు ఆయనవైపు తిరిగి ఉన్నాయి. జీవితమంతా ఇతరుల త్రాసుల ముందు నిలబడిన మనిషి మొదటిసారి తానే ఒక పళ్ళెంలో కూర్చున్నట్టు బెదిరారు. ఆ బెదురులో, ఏమి తీస్తున్నారో చూసుకోకుండా, లోపలికి చేయి పెట్టి తీశారు.

“నిజంగా జరిగింది చెప్పనా? మా పెళ్ళిలో జరిగింది. మావాళ్ళలో కొత్త పెళ్ళికూతురు మొగుడి పేరు ఊరికే చెప్పకూడదు, ప్రాస కట్టి పద్యంలో చెప్పాలి. తెలుసు కదా?”

“తెలియకేం! మా కిందింటివాళ్ళ పెళ్ళిలో అది అయ్యేదాకా అన్నం వడ్డించనేలేదు” అన్నాడు మీర్‌చందానీ.

“మా ఆవిడ బాగా సాధన చేసి వచ్చింది. నూటయాభై మంది చుట్టూ కూర్చున్నారు. తల వంచుకుని, తియ్యటి గొంతుతో మొదలుపెట్టింది. ‘వెండి గిన్నెలో వేడి వేడి పాలు, పాలలో వేశాను చక్కెర. అందరూ అడిగారు, అందుకే చెబుతున్నా, మావారి పేరు దినకర!’” అచ్యుతరావుగారు ఒక క్షణం ఆగారు. ఆగవలసిన చోటు ఆయనకు తెలుసు. “పక్కన పెళ్ళికొడుకుని నేను. నా పేరు అచ్యుత్!”

అది సేరు కాదు, మణుగు. తారాబెన్ కడుపు పట్టుకుని బెంచీ మీద కూలబడింది. మీర్‌చందానీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నడకదారిలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. మర్నాడు మళ్ళీ అదే కావాలన్నారు. చెప్పారు. మూడో రోజున కొత్తగా చేరినవాళ్ళ కోసం కావాలన్నారు. ఆనాడు ఆయన భార్య గొంతు అనుకరించి, ధోవతి కొంగు నెత్తిమీద వేసుకుని మరీ చెప్పారు.

ఆ జోకులో ఆయన చెప్పని భాగం ఒకటి ఉంది. దినకర్ అనేవాడు ఒకడు ఉండేవాడు. సాతారాలో నళినీబాయికి మొదట నిశ్చయమైన వరుడు. నిశ్చితార్థమై, ముహూర్తం దగ్గరపడ్డాక టైఫాయిడ్‌లో పోయాడు. నాలుగు నెలలు తిరక్కుండానే పెద్దలు అచ్యుతరావుగారి సంబంధం కుదిర్చారు. విషయం ఆయనకూ చెప్పారు. పద్యం ఆమె దినకర్ కోసం నేర్చుకున్నది. పెళ్ళి పందిట్లో చక్కెర దాకా వచ్చేసరికి ప్రాస ఆమెను పాత దారినే లాక్కుపోయింది. అక్కడున్నవాళ్ళలో తెలిసినవాళ్ళు కిక్కురుమనలేదు, తెలియనివాళ్ళు నాలుక జారిందని నవ్వారు. బొంబాయికి వచ్చే రైల్లో కిటికీ పక్క కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల, “ఆ పద్యం అప్పట్లో నేర్చుకున్నదండీ. మార్చుకోవాలని తోచలేదు” అన్నది. అందుకు అచ్యుతరావుగారు, “ఏ పద్యం? నేనేమీ వినలేదే” అన్నారు.

ఆ వాక్యాన్ని ఆయన తన జీవితంలోని ఏకైక మహాకావ్యంగా భావించేవారు. పైకి ఎన్నడూ అనలేదు గాని, భార్యతో మాట పట్టింపు వచ్చినప్పుడల్లా మనసులో దాన్ని ఒకసారి చదువుకుని, ఇంతటి ఉదారుడితో వాదించే అదృష్టం ఈమెకు ఎలా పట్టిందో అనుకుని శాంతించేవారు.

ఆ శుక్రవారం వాళ్ళింట్లో చైత్ర గౌరి పసుపు కుంకుమల పేరంటం. నళినీబాయి మెట్టు మెట్టుగా పేర్చిన గౌరి అలంకారం చూడ్డానికి పక్క వీధుల నుంచి కూడా ముత్తయిదువులు వచ్చేవారు. మామిడికాయ తురిమి కలిపిన శనగపప్పు, పచ్చిమామిడి పానకం సిద్ధమయ్యాయి. అచ్యుతరావుగారు మర్యాదగా వెనక గదిలో పత్రిక పట్టుకుని కూర్చున్నారు. ముందు గదిలో గాజుల చప్పుడు మధ్య తారాబెన్ గొంతు స్పష్టంగా వినిపించింది.

“నళినీబెన్, ఇవాళ అందరం పేర్లు చెప్పాలట కదా! మీరు మాత్రం ఆ పాలూ చక్కెర పద్యమే చెప్పాలి. నేను అదే వింటాను, ఇంకోటి వినను!”

“ఏ పద్యం?”

“అయ్యో, దాచేస్తున్నారు చూడండి! వెండి గిన్నె, వేడి పాలు… పార్కులో భాయ్ రోజూ చెబుతున్నారుగా. మొన్న మీలాగే కొంగు కప్పుకుని చెప్పారు. మా ఆయనకి చెబితే రెండుసార్లు పొలమారింది. దినకర్ అంటారా ఇంట్లో కూడా? పిలవండి, పిలవండి, లోపలే ఉన్నట్టున్నారు!”

పదిమంది ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఎంత తూగిందో అచ్యుతరావుగారు లెక్క కట్టలేదు. పత్రిక తలకిందులుగా ఉందని కాసేపటికి గమనించారు గాని, తిప్పడానికి చేతులు రాలేదు.

నళినీబాయి అందరికీ పానకం పోసింది, అందరికీ కుంకుమ పెట్టింది, గుమ్మందాకా సాగనంపింది. చివరి మనిషి మెట్లు దిగాక వెనక గది వాకిట్లోకి వచ్చి నిలబడింది.

“విననేలేదన్నారు కదండీ.”

అంతే అన్నది. ఆయన నోరు తెరిచారు. క్షమించమనడానికి ఆయన భాషలో చాలా మాటలు ఉన్నాయి, కొన్ని సంస్కృతంలో కూడా తెలుసు. వాటిలో ఒకటి ఎంచుకునేలోగా ఆమె గౌరి ముందు దీపంలో నూనె పోయడానికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి సాయంత్రం గుడికి వెళ్ళడం మానేసింది. కూరగాయలు కిటికీలోంచి బుట్ట దించి కొనడం మొదలుపెట్టింది. అన్నం వేళకు పిలిచేది, మంచినీళ్ళు పెట్టేది. ముఖం మాత్రం చూసేది కాదు.

అచ్యుతరావుగారి అవస్థ శాస్త్రీయంగా చూస్తే చాలా క్లిష్టమైనది. పార్కుకు వెళ్ళి, మీరు నవ్వింది ఒక చనిపోయిన కుర్రవాణ్ణి చూసి అని చెప్పాలంటే, ఆమె దాచుకున్నదాన్ని ఇంకొంచెం బయటికి లాగాలి. చెప్పకుండా ఉంటే ఆ పేరు వీధిలో తిరుగుతూనే ఉంటుంది. శనివారం ఆయన ఏదీ తేల్చుకోకుండానే ఉద్యానానికి వెళ్ళారు. మానేస్తే ఎందుకు మానేశారని ఇంటికి వస్తారేమోనని భయం.

గుండ్రంలోకి అడుగుపెట్టారో లేదో తారాబెన్ చప్పట్లు అందుకుంది. “దినకర్! దినకర్!” మీర్‌చందానీ అందుకున్నాడు. ముప్పైమంది అందుకున్నారు. ఆ పేరు చెట్ల మీద కాకులను లేపి, రైలు పట్టాలు దాటి, మూడో అంతస్తులో ఉన్న తన ఇంటి కిటికీలోకి దూరుతున్నట్టు అనిపించింది ఆయనకు. దాన్ని ఎలాగైనా ఆపాలి. దాని మీద ఏదో ఒక చప్పుడు కప్పాలి. అంతకుమించి ఆ క్షణాన ఆయనకు ఏ తత్త్వచింతనా లేదు. రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకుని, “హో హో హో హో! హా హా హా!” అని అరిచారు.

జనం పేరు ఆపి చూశారు. ఆపితే మళ్ళీ మొదలుపెడతారని ఆయన ఆపలేదు. చప్పట్లు కొడుతూ, గుండ్రంలో తిరుగుతూ, ఒక్కొక్కరి ముఖంలోకి ముఖం పెట్టి, “హో హో! హా హా హా!” అన్నారు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. ముందు ఒకడు కిసుక్కున నవ్వాడు. పక్కవాడికి అంటుకుంది. చూస్తుండగా ముప్పైమందీ దేనికో తెలియకుండా, ఎవరి మీదో తెలియకుండా, ఊపిరందక నవ్వారు. పావుగంట నవ్వారు.

“జోకేది?” అన్నాడు మీర్‌చందానీ, రొప్పుతూ.

“జోకు లేదు. ఇకమీదట ఉండదు.” అచ్యుతరావుగారు అబద్ధానికి ఊపిరి కూడగట్టుకున్నారు. “జోకుకు నవ్వేవాడు జోకుకు బానిస. నవ్వు ఊపిరితిత్తుల వ్యాయామం. దానికి కారణంతో పని లేదు. ప్రాణాయామానికి కారణం ఉందా? శీర్షాసనానికి కారణం ఉందా? ఇదీ అంతే. ఇది యోగం.”

“వాహ్!” అన్నాడు మీర్‌చందానీ.

ఈ విధంగా, ఒక గృహస్థుడి ముఖం చెల్లనితనం నుంచి, పార్లే తూర్పున ఒక మహాసిద్ధాంతం ఉద్భవించింది. ఏప్రిల్ నెలాఖరుకు మండలిలో నూటపదిమంది అయ్యారు. జోకు నిషేధం. చేతులెత్తి నవ్వడం, నోరు మూసుకుని నవ్వడం, సింహంలా నాలుక చాపి నవ్వడం. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి నవ్వాలన్న నియమం తారాబెన్ పెట్టింది. ఆ వంతు వచ్చినప్పుడు అచ్యుతరావుగారు చెప్పుల పట్టీ సరిచేసుకునేవారు. శాంతాక్రూజ్ నుంచీ మలాడ్ నుంచీ జనం వచ్చి చూసి, తమ పేటల్లో మొదలుపెట్టుకుంటామని ఆయన పాదాలకు మొక్కి వెళ్ళేవారు. మొక్కిన ప్రతిసారీ ఆయన ఒక అంగుళం కుంగిపోయేవారు. ఆ కుంగుబాటును వాళ్ళు వినయమని మెచ్చుకునేవారు.

మే ఒకటిన, మహారాష్ట్ర దినోత్సవం నాడు సన్మానం పెట్టారు. శాలువా, కొబ్బరికాయ, వార్డు కార్పొరేటరు. నళినీబాయిని పిలవడానికి మీర్‌చందానీ సతీసమేతంగా ఇంటికి వచ్చి మరీ వెళ్ళాడు.

“రానవసరం లేదు. ఒంట్లో బాగాలేదని చెబుతాను” అన్నారు అచ్యుతరావుగారు, తలుపు గొళ్ళేన్ని చూస్తూ.

“రాకపోతే ఇంకో జోకు పుడుతుంది” అన్నది నళినీబాయి.

వచ్చింది. తెలుపు మీద ఆకుపచ్చ అంచు నూలుచీర కట్టుకుని, అద్దె కుర్చీల మూడో వరసలో, తారాబెన్ పక్కన కూర్చుంది. కార్పొరేటరు శాలువా కప్పాడు. మీర్‌చందానీ మైకు పట్టుకున్నాడు.

“సోదరులారా! ఆపిల్ పండు నెత్తిన పడితే ఒకాయనకి సిద్ధాంతం తట్టింది. మరి మన పెండ్సే సాహెబ్ నెత్తిన ఏం పడింది? కారణం లేకుండా నవ్వాలన్న ఈ మహావిద్య ఆయనకి ఎలా తట్టింది? ఆయన నోటితోనే వినండి!”

అచ్యుతరావుగారి జేబులో నాలుగు పుటల ఉపన్యాసం ఉంది. అందులో ఉపనిషత్తులు ఉన్నాయి, ఊపిరితిత్తులు ఉన్నాయి, పరబ్రహ్మం అకారణంగా నవ్వితే సృష్టి జరిగిందన్న స్వకపోల కల్పన కూడా ఉంది. ఆయన కాగితాలు తీశారు. మూడో వరసలో ఆమె కార్పొరేటరు బూట్లవైపు చూస్తోంది. కాగితాలు మళ్ళీ మడిచారు.

“నాకేమీ తట్టలేదు. నా భార్యను నలుగురిలో నవ్వులపాలు చేశాను. ముఖం చెల్లక, మాట మరపించడానికి నవ్వాను. అంతే” అన్నారు.

సభ గొల్లుమంది. నూటపదిమంది శిక్షణ పొందిన ఊపిరితిత్తులవాళ్ళు, చేతులు పైకెత్తి మరీ నవ్వారు. జోకు నిషేధించిన గురువు సన్మాన సభలో జోకు వేశాడని కార్పొరేటరు తొడ చరుచుకున్నాడు. అచ్యుతరావుగారు అది తగ్గేదాకా నిలబడ్డారు.

“నా భార్యను నలుగురిలో నవ్వులపాలు చేశాను” అన్నారు మళ్ళీ. “ఆమె నన్ను నమ్మి చెప్పిన మాటను మీ ముందు ఆడించాను. ముఖం చెల్లక నవ్వాను.”

మళ్ళీ నవ్వారు, ఈసారి కొంత తక్కువగా, కొందరు పక్కవాళ్ళను చూసి. ముందుగా ఆగింది తారాబెన్. ఆమె పక్కకు తిరిగి నళినీబాయి ముఖం చూసింది. చూసి, నోటికి అడ్డంగా పెట్టుకున్న చేతిని అక్కడే ఉంచేసుకుంది.

“నవ్వులపాలు చేశాను” అన్నారు అచ్యుతరావుగారు మూడోసారి.

ఎవరూ నవ్వలేదు. పట్టాల మీద బోరివలీ లోకల్ ఒకటి పోయింది. మీర్‌చందానీ మైకు తీసుకుని, ఇచ్చి, మళ్ళీ తీసుకుని, చివరికి జాతీయగీతం పాడించాడు.

జనం బంగాళాదుంప వడల దగ్గరికి కదిలాక, ఆయన కుర్చీల మధ్య నుంచి మూడో వరస దాకా వచ్చారు. తారాబెన్ అక్కడే కూర్చుని ఉంది.

“నళినీబెన్, నాకు తెలీదు. మీ ఒట్టు, నేను ఊరికే… ఆ పేరు…” అని ఆగిపోయింది.

“దినకర్” అన్నది నళినీబాయి. మామూలు గొంతుతో, బియ్యం ధర చెబుతున్నట్టుగా. “నాకు మొదట నిశ్చయమైన అబ్బాయి. టైఫాయిడ్‌లో పోయాడు.”

“హే భగవాన్. చూశారా మీరు ఆయన్ని?”

“రెండుసార్లు. ముందు పన్ను సగం విరిగి ఉండేది. నవ్వొస్తే చేయి అడ్డం పెట్టుకునేవాడు. రెండోసారి వచ్చినప్పుడు, మా అమ్మ కాఫీకి లోపలికి వెళ్ళింది చూసి, చేయి తీసి చూపించాడు. ‘ముందే చూసుకోండి, తర్వాత అనుకోవద్దు’ అన్నాడు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళెవరూ లేరు.”

తారాబెన్ ఆమె చేయి పట్టుకుని, “ఏం చేసేవాడు?” అని అడిగింది. నళినీబాయి చెప్పసాగింది. పుణేలో ముద్రణాలయంలో అక్షరాలు పేర్చే పని. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవట.

అచ్యుతరావుగారు రెండు కుర్చీల అవతల నిలబడి ఉన్నారు. ముప్పై నాలుగేళ్ళు తాను మహాకావ్యమనుకున్న ఆ వాక్యం నిజానికి ఒక మూత అని, దాన్ని ఆ రైల్లో తానే ఇరవై రెండేళ్ళ పిల్ల నోటిమీద బిగించి, తిరిగి చూడకుండా కూర్చున్నానని, ఆ నల్లని వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయనకు తెలిసింది. కూర్చోమని ఎవరూ అనలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు. మే నెల ఎండలో, భుజాల మీద ఉన్ని శాలువాతో, రెండు చేతులా కొబ్బరికాయ పట్టుకుని, ఆయన వింటూ నిలబడ్డారు.